తెలిసియు దిద్దని తప్పు

అబద్ధమాడుట తప్పని యొప్పుకొననివారు లోకమున లేరు, ఆడువారును ఒప్పుకొందురు. కాని ఆడిననాఁడు నిజమైయుండి, తరువాత లోకము మాఱుటచేత అబద్ధమైపోయిన మాట యొకటి కలదు. దానిని చెప్పినవాఁడు అసత్యవాది కాఁడు; నమ్మినవాఁడు అవివేకి కాఁడు. అయినను ఆ మాటవలన ఒకనికి కీడు కలిగినప్పుడు ఆ కీడును ఎవరి పద్దున వ్రాయవలెను? చెప్పినవాని పద్దుననా, నమ్మినవాని పద్దుననా, లేక ఆ మాట పాతఁబడినదని యెఱిఁగియు ఊరకున్నవాని పద్దుననా? ఈ ప్రశ్న మాకు శాస్త్రగ్రంథములలో దొరికినది కాదు. మా వీథిలోనే, మా యింటి వాకిటనే, ఒక వానకాలపు రాత్రి దొరికినది.

మా వీథి చివరనున్న మేడలో పదునైదేండ్లుగా ఒక చిన్న ఆసుపత్రి యుండెడిది. అద్దె విషయమున మేడ యజమానునితో పొసఁగక డాక్టరుగారు దానిని రైలుగేటు కావలనున్న పేటకు తరలించిరి. తరలించినట్లు తెలుపు కాగితమొకటి గోడకు అంటించిరి గాని అది రెండు వానలకు చినిఁగిపోయినది. తరలిపోయిన యెనిమిది నెలలకు, రాత్రి పదకొండు గంటలు దాటిన పిమ్మట, ఒక ఆటో మా వాకిట నిలిచినది. అందులో ఒక ముసలివాఁడు కొడుకు భుజముమీఁద తల వాల్చి ఆయాసపడుచుండెను. కొడుకు చేతిలో ఫోను వెలుఁగుచుండెను. "ఆసుపత్రి ఇక్కడేనని చూపిస్తోందండీ, ఎక్కడండీ?" అని అతఁడడిగెను. అది తరలిపోయినదని చెప్పి క్రొత్త దారి చూపితిమి. ఆటో వెనుకకు మరలినది. అది వీథి మలుపు తిరిగిన కొంతసేపటికి గూడ్సుబండి కూత వినవచ్చినది. గేటు వేసియుందురని అప్పుడు మాకు తోఁచినది. ఆ ముసలివాఁడేమయ్యెనో మాకు తెలియదు. ఆ తొందరలో పేరైనను అడుగలేదు. అడిగియున్నచో మఱునాఁడు వెళ్లి విచారించి యుందుము.

ఆ రాత్రి మమ్ము నిద్రపోనీయనిది ఆతని యాయాసము మాత్రమే కాదు. ఫోనులోని పటము తప్పు చూపుచున్నదను సంగతి మాకప్పుడు క్రొత్తగా తెలిసినది కాదు. అంతకు నాలుగు నెలల ముందు మా మేనకోడలు అదే పటము చూచుకొనుచు మా యింటికి వచ్చి, "మామయ్యా, మీ వీథిలో ఇంకా ఆసుపత్రి చూపిస్తోందే!" అని నవ్వినది. మేమును నవ్వితిమి. ఆ పటము పదుగురు కూడి వ్రాయునదనియు, చేత ఫోనున్న యెవ్వఁడైనను దానిని దిద్దవచ్చుననియు ఎఱుఁగుదుము. ఎఱిఁగియు, "ఎవరో దిద్దుదురులే" యనుకొని కాఫీ త్రాగి వేఱు మాటలలో పడితిమి.

ఈ పటముల స్వభావము కొంచెము చెప్పనిదే మా ప్రశ్న స్పష్టపడదు. పూర్వము పటము వ్రాయుట ప్రభువుల పని. సర్వే ఆఫ్ ఇండియా 1767 లో పుట్టినది. 1802 లో మద్రాసు సమీపమున సెయింటు థామసు కొండయొద్ద విలియం లాంబ్టను ఆధారరేఖను కొలిచి మొదలుపెట్టిన త్రికోణమితి సర్వే, ఆతని తరువాతివారి చేతులమీఁదుగా హిమాలయముల వఱకు సాగినది. కొలతగొలుసులు, మోయుటకు పెక్కుమంది కావలసిన యంత్రములు, ఏండ్లతరబడి యెండలో వానలో తిరిగిన మనుష్యులు - ఇంతటి ప్రయాసముతో గాని దేశము కాగితమున కెక్కలేదు. అట్టి పటమున తప్పు దొరలినచో నిందించుటకు ఒక కచేరియు, అర్జీ పంపుటకు ఒక చిరునామాయు ఉండెను.

2004 లో ఇంగ్లండున స్టీవ్ కోస్ట్ అను నాతఁడు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అను పేర ఈ యేర్పాటును తలక్రిందులు చేసెను. ప్రభుత్వపు పటముల వెలయు, వాని వాడుకపైఁగల నిర్బంధములును సామాన్యులకు అడ్డమై యుండఁగా, ఎవరి వీథిని వారే వ్రాసి యందఱికిని ఉచితముగా నీయరాదా యని ఆతఁడు తలఁచెను. అది నెఱవేరినది. 2010 జనవరి 12 న హైతీదేశమున భూకంపము వచ్చి రాజధానియగు పోర్టో ప్రిన్స్ నగరము చాలవఱకు కూలినప్పుడు, ఆ నగరమునకు చాలినంత వివరముగల పటము సహాయకుల చేతిలో లేదు. పలుదేశములందలి పరిచయము లేని మనుష్యులు తమ యిండ్లలో కూర్చుండి, ఉపగ్రహచిత్రములను చూచి, ఆ నగరపు వీథులను కొలఁది దినములలో గీసి యిచ్చిరి. ఆ గీఁతలను పట్టుకొని సహాయకులు శిథిలముల నడుమ తిరిగిరి. ఏ జీతమును లేక, ఏ ప్రభువును ఆజ్ఞాపింపక, ఎన్నఁడును చూడఁబోని ఊరి వీథులను గీసిన ఆ చేతులకు మేము నమస్కరింతుము. ఇట్టి పటమును తక్కువ చేయుట మా యుద్దేశము కాదు. దానివలన మేలు కలుగుచున్నది గనుకనే దానియందలి తప్పు మేలెంచి ఉపేక్షింపఁదగినది కాదనుచున్నాము.

ఈ పటమున కొక లక్షణము కలదు. రోడ్డు వంపును ఆకాశమునుండి చూచి గీయవచ్చును. కాని ఆ రోడ్డుప్రక్క ఆసుపత్రి నిన్న మూసిరని ఆకాశమునుండి కనఁబడదు. మేడ మేడగానే యుండును. దానిని ఆ వీథిలోనివాఁడే చెప్పవలెను. ఆ వీథిలోనివాఁడు చేర్చుటకు ఉత్సాహపడును గాని తీసివేయుటకు ఉత్సాహపడఁడు. దుకాణము తెఱచునాఁడు తోరణము కట్టి అందఱిని పిలుచువాఁడు, మూయునాఁడు చాటింపు వేయఁడు గదా! క్రొత్త గుడి, క్రొత్త బడి, క్రొత్త హోటలు పటమున వ్రాసినవానికి తన చేతిపని చూచుకొను సంతోషమున్నది. చెఱపినవానికి చూచుకొనుటకేమియు మిగులదు. అందుచేత ఇట్టి పటములలో పుట్టుకలు నమోదగుచుండును. చావులు నమోదు గాకుండును.

మఱియొక లక్షణము ఇంతకంటె అపాయకరమైనది. కాగితపు పటము ముసలిదగుట కంటికి కనఁబడును. అంచులు చినుఁగును, రంగు పసుపువాఱును, మూల అచ్చువేసిన సంవత్సరము కనఁబడును, చూచువాఁడు జాగ్రత్తపడును. ఫోనులోని పటమునకు వార్ధకచిహ్నము లేదు. పదియేండ్లనాఁటి గుర్తును నిన్నటి గుర్తును ఒకే రంగున, ఒకే మెఱపున వెలుఁగుచుండును. ఏ గుర్తు ఏనాఁడు వ్రాయఁబడినదో వెదకి చూచువారికి చరిత్ర దొరకును. కాని అర్ధరాత్రి తండ్రిని ఆటోలో పెట్టుకొని పోవువాఁడు చరిత్ర వెదకునా? పైఁగా, కొన్ని సాధనములు పటమును ముందుగానే ఫోనులోనికి దింపుకొని దానినే చూపుచుండును. అసలు పటమును దిద్దినను, దింపుకొన్న నకలును మరల దింపుకొనువఱకు పాత తప్పే కనఁబడుచుండును.

ఇది పదుగురి చేతిపని యగుటచేత వచ్చిన దోషమని కొందఱందురు. అట్లనుటకు వీలులేదు. బెంగాలుదేశమున సర్వేయరు జనరలుగా నుండి పేరుగాంచిన జేమ్సు రెన్నెలు, 1798 లో పశ్చిమాఫ్రికాపటమున కాంగ్ పర్వతములను పేర నొక కొండలవరుసను గీసెను. అవి లేనేలేవు. అయినను పటమునుండి పటమునకు నకలు దిగుచు ఆ కొండలు ఇంచుమించు నూఱేండ్లు నిలిచినవి. ఫ్రెంచివాఁడగు బింజరు ఆ ప్రదేశమున తిరిగి వచ్చి 1889 లో లేవని చెప్పువఱకు వానిని ఎవ్వరును కదలింపలేదు. ఆస్ట్రేలియాకును న్యూ కెలడోనియాకును నడుమ శాండీ ద్వీపమని యొక దీవి మన కాలపు కంప్యూటరు పటములందును కనఁబడుచుండెను. 2012 నవంబరులో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుల యోడ అక్కడికి పోయి చూడఁగా, దీవి యుండవలసినచోట వేయిమీటర్లకు మించిన లోతు సముద్రమున్నది. ఈ తప్పులు పండితుల చేతులలో, శాస్త్రసంస్థల పెట్టెలలో బ్రదికినవే. కావున తప్పు వ్రాయుట ఒక తెగవారి దోషము కాదు. ఉన్నదానిని తిరిగి చూడక నకలుచేయుటయే అన్నిటికిని మూలము.

అయినను శాండీ ద్వీపమునకును మా వీథి ఆసుపత్రికిని ఒక భేదమున్నది. ఆ దీవి లేదని ప్రక్కనే కాపురముండి దినదినమును చూచువారు లేరు. మా వీథిలో ఆసుపత్రి లేదని ఇన్నూఱు ఇండ్లవారికి తెలియును. అక్కడ తప్పు నిలుచుటకు అజ్ఞానము కారణము. ఇక్కడ తప్పు నిలుచుటకు ఇందఱి జ్ఞానమే కారణమైనదని మేము చెప్పుచున్నాము. ఇది విపరీతముగా తోఁచవచ్చును. కాని ఆలోచింపుఁడు. ఆ సంగతి మా యొక్కరికే తెలిసియున్నచో ఆ దినముననే దిద్దియుందుము. మేము దిద్దకున్న దిద్దువారు లేరని యెఱుఁగుదుము గనుక. ఇన్నూఱు ఇండ్లవారికి తెలియుటచేత ప్రతివాఁడును తక్కిన నూటతొంబదితొమ్మిది ఇండ్లను చూచి ఊరకుండెను. ఉమ్మడి గొఱ్ఱె పుచ్చి చచ్చినదను మన సామెత ఇందులకే పుట్టినది.

ఇచట ఒక తర్కదోషమున్నది. దానిని విప్పి చూడవలెను. పదిమంది కలసి నూఱు రూపాయలు అప్పుచేసిరేని ఒక్కొక్కని వంతు పది రూపాయలు. అప్పు పంచుకొనఁదగినది. పొరుగిల్లు అంటుకొన్నప్పుడు కేకవేయవలసిన విధియు అట్లే పంచుకొనఁదగినదా? చూచినవారు పదిమంది గనుక నావంతు కేకలో పదియవ భాగమని యెవ్వఁడైనను అనునా? ఎవఁడో యొకఁడు కేకవేయువఱకు చూచిన ప్రతివానిపైనను ఆ విధి సంపూర్ణముగా నుండును. ఒకఁడు వేసిన పిమ్మట అందఱికిని ఒక్కమాఱుగా తీఱిపోవును. తెలిసిన తప్పును దిద్దు విధి ఈ రెండవ జాతికి చేరినది. మేము దానిని మొదటి జాతిదానివలె పంచుకొంటిమి. ఇన్నూఱింట నొక పాలు గనుక ఇంచుమించు శూన్యమని తృప్తిపడితిమి.

"ఇంకొకఁడు దిద్దియుండుననుకొనుట సహజమే గదా, అనుకొన్నమాత్రమున పాపమా?" యని యడుగువారుందురు. అనుకొనుట పాపము కాదు. కాని ఈ యూహ నిజమో కాదో తెలిసికొనుట కష్టము కాదు. ఫోను తెఱచి చూచినచో తెలియును. అంతేకాక, మా మేనకోడలు నవ్విననాఁడు ఎవ్వరును దిద్దలేదని మాకు సాక్ష్యము దొరికినది. ఆ నవ్వుతో మా సాకు చచ్చినది. పిమ్మటి నాలుగు నెలలు మేము చచ్చిన సాకును మోయుచుంటిమి.

ఇఁక మిత్రులు మాతో చెప్పిన ఆక్షేపణలను విచారింతము. మొదటిది: "అది ఉచితముగా నిచ్చినది, ఉచితముగా నిచ్చినదానిలో తప్పెన్నుటకు ఎవరికి హక్కున్నది? దిద్దుటకు ఎవరికి విధి యున్నది?" మన దేశమున వేసవిలో బాటప్రక్కల చలివేంద్రములు పెట్టుదురు. నీళ్లకు డబ్బు పుచ్చుకొనరు. అందుచేత కుండలో పురుగుపడినను అడుగరాదని యెవ్వరైనను అందురా? దానము చేయువానికి పుణ్యమెంతయో జాగ్రత్తయు అంత. త్రాగి పోవువాఁడు పురుగును చూచి, తన దప్పి తీఱినది గదా యని మూత పెట్టి పోయినచో, వెనుకవచ్చు బాటసారికి అతఁడేమయ్యెను? ఆ పటముమీఁద మేమును వేయిమాఱులు నడచితిమి. ఎవ్వరో తెలియని వారు వ్రాసిన దారిన పెండ్లిండ్లకు పోతిమి, పరామర్శలకు పోతిమి. ఒక్క గుర్తైనను వ్రాయక ఇంత పుచ్చుకొన్నవారము, చూచిన పురుగును గూర్చి చెప్పుట దానమగునా, బాకీ తీర్చుటయగునా?

రెండవది బలమైన యాక్షేపణ: "ఈ పటములు కొన్ని వ్యాపారసంస్థలవి. వారు వానితో ధనమార్జింతురు. మేము కూలి లేక వారి తప్పు లేల దిద్దవలెను?" ఇందు న్యాయమున్నది. అందఱి సొత్తైన పటమునకును, ఒక సంస్థ సొత్తైన పటమునకును భేదము పాటింపవలసినదే. తీరిక యున్నవారు తమ శ్రమను మొదటిదానికి ధారపోయుట మేలని మేమును తలఁతుము. కాని తప్పువలన నష్టపోవువాఁడు ఆ సంస్థ యజమానుఁడు కాఁడు, ఆటోలోని ముసలివాఁడు. యజమానునిపై కోపముతో బాటసారిని గోతిలో పడనిచ్చుట న్యాయము కాదు. అయితే చెప్పవలసిన విధి మనదైనప్పుడు, విని దిద్దవలసిన విధి వారిది. అది మనదానికంటె ఎన్నియో మడుఁగులు పెద్దది. అమెరికాలో ఉత్తర కెరొలీనా రాష్ట్రమున హికరీ పట్టణమున 2013 లో ఒక చిన్న వంతెన కూలినది. 2022 వఱకు దానిని తిరిగి కట్టినవారు లేరు. 2022 సెప్టెంబరు 30 న రాత్రి, కూఁతురి పుట్టినదినపు విందునుండి ఇంటికి మరలుచున్న ఒక తండ్రి ఫోనులోని పటము చూపిన దారిన వచ్చి, ఆ వంతెన లేనిచోట కారుతో క్రిందఁబడి మరణించెను. అడ్డుకట్టలు ఆ రాత్రి అక్కడ లేవు. మఱుసటి సంవత్సరము ఆతని కుటుంబమువారు వేసిన వ్యాజ్యమున, ఆ యూరివారు వంతెన కూలినదని 2020 లోనే పటమువారికి తెలిపిరనియు, తెలిపినది అందినట్లు జవాబుకూడ వచ్చినదనియు వ్రాయఁబడినది. న్యాయస్థానముల తీర్పు ఎట్లున్నను, ఇందుండి మేము నేర్చుకొనునది యొకటి: చెప్పుదారి తెఱచి, వినువానిని నియమింపక యుండుట ప్రజలను మోసగించుట. అర్జీలపెట్టె పెట్టి తాళపుచెవి పాఱవేసినట్టిది.

మూఁడవది: "బాటసారికి కన్నులు లేవా? పటమును చూచి గోతిలో పడువానిది తప్పు కాదా?" 2024 నవంబరులో ఉత్తరప్రదేశమున బరేలీ ప్రాంతమున, రామగంగా నదిపై వరదకు కొట్టుకొనిపోయిన వంతెనమీఁదికి పటము చూపిన దారిన కారు పోయి, అందున్న ముగ్గురు మరణించిరి. పోలీసులు ప్రభుత్వపు ఇంజనీర్లపైనను, పటపుసంస్థ యుద్యోగిపైనను కేసు వ్రాసిరి. ఆ దుఃఖమున పాలెవరిదెంతయో విభజించుట మా పని కాదు. బాటసారి కన్నులు తెఱచుకొనవలెననుట నిజము. దారిలో మనిషి కనఁబడినప్పుడు నోరు విప్పి యడుగుట పూర్వాచారము, నేఁటికిని మంచి యాచారము. కాని అడుగుటకు మనిషి లేని రాత్రులున్నవి. అడిగినను భాష తెలియని దేశములున్నవి. ఏ దిక్కును లేనివాఁడే పటమును ఎక్కువగా నమ్మును. కావున పటపు తప్పు అందఱిని సమానముగా బాధింపదు. ఊరివాఁడు దానిని చూచి నవ్వును. పరాయివాఁడు దానివలన నశించును. మా మేనకోడలి నవ్వునకును ఆ కొడుకు ప్రశ్నకును ఇంతే భేదము.

నాలుగవది: "దిద్దఁబోయి చెడఁగొట్టినచో?" ఇదియు ఉత్తమాట కాదు. ప్రజలచేత దిద్దించుటకై 2008 లో పెట్టిన గూగుల్ మ్యాప్ మేకర్ అను నేర్పాటును 2015 లో కొందఱు వెక్కిరింపుబొమ్మలు గీసి పాడుచేయఁగా కొంతకాలము నిలిపివేసిరి. 2017 లో మూసివేసిరి. అందఱికిని తెఱచిన తలుపున ఆకతాయియు వచ్చును. కాని దీనికి మందు తలుపు మూయుట కాదు. కన్నులతో చూచినదానినే వ్రాయుదునను నియమము. విన్నది వ్రాయరాదు; ఊహించినది వ్రాయరాదు; సందేహమున్నచో మార్పక, సందేహమున్నదని అచ్చట ఒక సూచన పెట్టి పోవచ్చును. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో అందులకు వీలున్నది. స్ట్రీట్‌కంప్లీట్ అను సాధనము, నడచిపోవువానిని నిలిపి, ఈ దుకాణమింకను ఇక్కడ నున్నదాయని యడుగును. అవును, కాదు అని చెప్పుటకు పాండిత్యము కావలయునా? ఆకతాయి చేయు చెఱుపు మంచివారి యలసతవలన కలుగు చెఱుపుకంటె తక్కువదే. ఆకతాయి వ్రాత పదుగురి కంటఁబడి చెఱుపఁబడును. అలసత కనఁబడదు, కనుక నిలిచిపోవును.

ఇంకొక సంగతి చెప్పనిదే ఈ విచారము సంపూర్ణము కాదు. పాతఁబడునవి మేడలు మాత్రమే కావు; పేళ్లును పాతఁబడును. తెలంగాణమున 2016 అక్టోబరు 11 న 10 జిల్లాలు 31 అయినవి. 2019 లో మఱి రెండు చేరినవి. ఆంధ్రప్రదేశమున 2022 ఏప్రిల్ 4 న 13 జిల్లాలు 26 అయినవి. సరిహద్దుగీఁతను నలుగురు శ్రద్ధావంతులు కూర్చుండి మార్పవచ్చును. ఏ కచేరి ఏ యూరికి తరలినదో, ఆ యూర ఏ మేడలో దిగినదో అక్కడివారే చెప్పవలెను. నగరపు నడిబజారున హోటలు పేరు మాఱినచో వారము తిరుగకుండ దిద్దువారున్నారు. పల్లెచివరి వాడవారు తమపై నొకప్పుడు రుద్దఁబడిన కులపు పేరును విడిచి తమకు నచ్చిన పేరు పెట్టుకొన్నచో, ఆ మార్పు పటమున కెక్కుటకు ఎన్నియేండ్లు పట్టును? తప్పిన ఆసుపత్రి దేహమునకు హాని చేయును. విడిచిన పేరు వెంటఁబడుట మానమునకు హాని చేయును. తమ పేరు తాము వ్రాసికొనుటకు వీలున్న కాలమున, ఆ వీలు ఎవరి చేతికి అందినది, ఎవరి చేతికి అందలేదు అని విచారించుటయు మన పనియే. ఆ వాడలోని బడిపిల్లలకు ఈ విద్య నేర్పుటకు ఒక ఆదివారము చాలును.

పాతదంతయు చెఱిపివేయుమని మేము చెప్పుట లేదు. నాగార్జునసాగరపు నీటిక్రింద ఒక లోయయంతయు మునిఁగినది. అందలి ప్రాచీన కట్టడములను కొన్నింటిని ఎత్తి, నేఁడు ద్వీపమైన కొండమీఁద తిరిగి నిలిపిరి. ఆ లోయ పేరును లోకము మఱవరాదు. కాని జ్ఞాపకము వేఱు, దారి చూపుట వేఱు. పాతది పాతదని వ్రాసియుంచినచో చరిత్రయగును. ఉన్నట్లుగా వ్రాసియుంచినచో మోసమగును. చరిత్రను ప్రేమించువాఁడు ఈ భేదమును మఱింత శ్రద్ధతో పాటింపవలెను.

మఱి ఈ విధికి మేర యెక్కడ? లోకమందలి తప్పులన్నిటిని దిద్దుటకు మనుష్యునికి ఆయువు చాలదు. చాలునని చెప్పు నీతిని ఎవ్వరును పాటింపరు. కావున మా మనస్సునకు తోఁచిన మేర చెప్పుచున్నాము. తప్పు తన కన్నులకు స్పష్టముగా తెలిసియుండవలెను; దిద్దుట తనకు స్వల్పశ్రమతో సాధ్యము కావలెను; దిద్దకున్న ఇంకొకనికి కీడు కలుగునట్లుండవలెను; అప్పటికి ఎవ్వరును దిద్దలేదని చూచియుండవలెను. ఈ నాలుగును కూడినచోట ఊరకుండుట అలసత మాత్రము కాదు, అపరాధమే. కీడు పెద్దదైనకొలఁది శ్రమయు ఎక్కువ పడవలెను. ఆసుపత్రి, వంతెన, మూసిన దారి, త్రాగునీరు - ఇవి ముందు. అంగడి పనిచేయు గంటలు తరువాత. చూడనిదానికి ఎవ్వఁడును బాధ్యుఁడు కాఁడు; చూచినవాఁడు చూడనివానివలె నటింపరాదు.

మఱునాఁటి యుదయమున మేము ఫోను తీసికొని ఆ గుర్తును మా వీథినుండి తీసివేసి, గేటు కావలి మేడను స్వయముగా చూచి వచ్చి, అక్కడ వ్రాసితిమి. చూచి వచ్చుటకు అరగంట పట్టినది. వ్రాయుటకు మా కాఫీ చల్లారునంతసేపైనను పట్టలేదు. ఎనిమిది నెలలు పటమున నిలిచిన తప్పు అంతలో పోయినది. అటుపిమ్మట పటముతో వీథి పొడవునను నడచితిమి. మూసివేసిన మందులకొట్టొకటి, ఎండిపోయిన చేతిపంపొకటి, గోడ కట్టి మూసిన సందొకటి కనఁబడినవి. అన్నియు మాకు తెలిసినవే.

చేతిపంపుదగ్గఱ మేము వంగి వ్రాయుచుండఁగా ప్రక్కయింటి మేష్టారుగారు వచ్చి యేమిటని యడిగిరి. ఆసుపత్రి సంగతియు, ఆ రాత్రి సంగతియు చెప్పితిమి. ఆయన కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "అది తప్పు చూపిస్తోందని నాకూ తెలుసునండీ. మీరెవరైనా దిద్దే ఉంటారనుకున్నాను" అనిరి. ఆయన చదువుకొన్నవారు, పరోపకారి. వీథిలో ఎవరికి జబ్బుచేసినను ముందు పరుగెత్తువారు. అట్టివారును మాఁబోటివారును ఒకే వాక్యమును మనస్సులో చెప్పికొని ఎనిమిది నెలలు గడపితిమి.

చదువరులారా, మీ వీథి పటమును ఈ సాయంకాలము ఒక్కమాఱు తెఱచి చూడుఁడు. అందులో మీకు నవ్వు పుట్టించు తప్పొకటి కనఁబడవచ్చును. నవ్వుటకు ముందు దానిని దిద్దుఁడు.